పత్తికట్టెకు నిప్పు పెట్టే ముందు

కర్నూలు, కడప జిల్లాల మెట్ట రైతులకు విజ్ఞప్తి



పత్తి ఏరడం అయిపోతుంది. కట్టె పీకి చేన్లో కుప్పేస్తాం, పొద్దుగూకాక అగ్గిపుల్ల గీస్తాం. మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ ఏడు పంట మీద పడుతుందన్న భయంతో కాలుస్తాం. ఆ భయం న్యాయమైనదే. కానీ తెల్లారితే మిగిలేది బూడిద. దాన్నీ గాలి ఎత్తుకుపోతుంది. చెట్టు నెలల తరబడి గాలి నుంచి తీసుకున్న కర్బనం ఒక్క రాత్రిలో మళ్లీ గాలిపాలవుతుంది.

అదే కట్టెను గాలి చాలనియ్యకుండా కాలిస్తే బొగ్గవుతుంది. పురుగూ చస్తుంది, కట్టెలోని కర్బనంలో సగం దాకా బొగ్గులో నిలుస్తుంది. ఈ బొగ్గునే బయోచార్ అంటున్నారు. అమెజాన్ అడవుల్లో పాతకాలపు మనుషులు మన్నులో కలిపిన బొగ్గు వేల ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది, ఆ మన్ను ఇంకా నల్లగా, సారంగా ఉంది.

హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) ఇనుప డ్రమ్ముతోనే ఇందుకు బట్టీ తయారుచేసింది. అడుగున బెజ్జాలు కొట్టిన డ్రమ్మును మూడు రాళ్ల మీద నిలిపి, కట్టె నింపి వెలిగిస్తారు. దట్టమైన తెల్లపొగ పలచబడి నీలం తిరిగిందా, వెంటనే కిందికి దించి మూత వేసి, సందులన్నీ బంకమన్నుతో మెత్తాలి. గుంతలో కాల్చి నీళ్లతో ఆర్పే పద్ధతీ ఉంది. తాగునీటికే ట్యాంకరు కోసం ఎదురుచూసే మన ఊళ్లకు మన్నుతో ఆర్పేదే మేలు.

పచ్చి బొగ్గును మాత్రం నేరుగా చల్లొద్దు, అది నేలలోని నత్రజనిని తనవైపు లాక్కుంటుంది. నలగ్గొట్టి కొట్టంలో పశువుల కింద పరిస్తే మూత్రం పీల్చుకుంటుంది, వాసనా తగ్గుతుంది. ఆనక దిబ్బలో ఎరువుతో రెండు మూడు వారాలు మాగనిచ్చి, తొలకరికి ముందు చేనికి తోలండి. బొగ్గులోని సన్నటి రంధ్రాలు తేమను పట్టి ఉంచుతాయి. రెండు వానల మధ్య ఇరవై రోజులు ఎండ కాస్తే వేరుశనగ ఎలా వాడిపోతుందో మీకు చెప్పాలా?

పత్తికొండ వైపు ఎర్రనేలల్లో ముందు మొదలుపెట్టండి. ఆదోని, ఆలూరు రేగడి అసలే క్షారపు నేల, బొగ్గులోని బూడిద ఆ క్షారాన్ని పెంచవచ్చు. అక్కడ ఓ మూల చల్లి చూశాకే మిగతా చేను. బొగ్గు కోసం వేప, చింత నరకొద్దు. పంట కట్టె, సర్కారు తుమ్మ చాలు. కర్బనాన్ని నేలలో నిలిపినందుకు డబ్బు ఇప్పిస్తామని కార్బన్ క్రెడిట్ల పేరుతో ఎవరైనా సంతకం అడిగితే, చదివించుకోకుండా పెట్టొద్దు.

ప్రతి రైతు సేవా కేంద్రంలో వంతులవారీగా వాడుకునేందుకు డ్రమ్ము బట్టీలు ఉంచాలి. ఇదే మన డిమాండు. వచ్చే గ్రామసభలో దీని మీద తీర్మానం అడగండి. అంతదాకా, ఈ ఏడు ఒక్క కుప్పనైనా బూడిద కానివ్వకండి.