అల విరగని చోటే అసలు ప్రమాదం

2022 జులై 29న అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఆరుగురు ఇంజినీరింగ్ విద్యార్థులు సముద్రంలో కొట్టుకుపోయి ప్రాణాలు వదిలారు. పరీక్షలు రాసి సరదాగా వెళ్లిన కుర్రాళ్లు. ఆ తర్వాతా ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఊరు మారుతుంది: ఒకసారి రామాపురం, ఇంకోసారి సూర్యలంక, మరోసారి యారాడ. వార్త రాసే తీరు మాత్రం మారదు. స్నానానికి దిగారు, రాకాసి అల వచ్చింది, లాక్కుపోయింది. నాలుగు రోజులు తీరాన్ని మూసేస్తారు, హెచ్చరిక బోర్డు ఒకటి పాతుతారు, ఆదివారం వచ్చేసరికి జనం మళ్లీ మామూలే.

నేరమంతా అల మీద వేసేయడం వల్ల మనకు అసలు సంగతి తెలియకుండా పోతోంది. తీరంలో స్నానం చేసేవాళ్లను లోపలికి ఈడ్చుకెళ్లేది చాలాసార్లు తిరిగి వెళ్లే నీరు. అలలు వరసపెట్టి ఒడ్డుకు నీళ్లు మోస్తూనే ఉంటాయి. ఆ నీరంతా ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి కదా! ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక దిబ్బ ఉంటుంది. ఆ దిబ్బకు ఎక్కడ గండి పడితే అక్కడికి నీరు చేరి, ఇరుకు కాలువలా సముద్రంలోకి దూసుకుపోతుంది. రిప్ కరెంట్ అంటున్నది దీన్నే. మామూలు రోజుల్లో సెకనుకు అడుగో రెండడుగులో కదిలే ఈ ప్రవాహం ఉధృతమైతే ఎనిమిది అడుగుల వేగం అందుకుంటుంది. వంద మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతలో ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు. లెక్క కడితే ఆ వీరుడి వేగం సెకనుకు ఏడడుగులు. ఇక ఊరి చెరువులో ఈత నేర్చుకున్న మన కుర్రాడి సంగతి చెప్పేదేముంది?

దీనిలో మోసం ఏమిటంటే, గండి ఉన్నచోట లోతెక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. అటూ ఇటూ కెరటాలు తెల్లటి నురగతో విరుచుకుపడుతుంటే, మధ్యలో పది ఇరవై గజాల మేర నీరు ముదురు రంగులో, పెద్ద అలజడి లేకుండా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల చెయ్యి పట్టుకుని సరిగ్గా అక్కడికే నడుస్తారు. కాస్త ఎత్తున నిలబడి ఓ పది నిమిషాలు ఓపిగ్గా చూస్తే గుట్టు తెలిసిపోతుంది. నురగ తరకలు, చెత్త, ఎవరో వదిలిన పూలు ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటాయి. ఇసుక కలిసిన మట్టిరంగు నీరు ఒక చారగా సముద్రం వైపు సాగుతుంటుంది. కొండరాళ్ల పక్కన, జెట్టీల పక్కన, రాతి గోడల పక్కన ఇలాంటి ప్రవాహాలు దాదాపు ఎప్పుడూ ఉండేవే. కాబట్టి ఫొటోకు బాగుంటుందని రాళ్ల చెంత నీళ్లలోకి దిగడమంత తెలివితక్కువ పని లేదు.

చిక్కుకుంటే ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి. రిప్ కరెంట్ మనిషిని అడుక్కి లాగదు, దూరం లాగుతుంది. చంపేది అలసట, భయం. ఒడ్డు వైపు ఎదురీదితే బలమంతా రెండు నిమిషాల్లో హరించుకుపోతుంది. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలవాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్నచోటికి చేరి, వాటితో పాటు ఒడ్డుకు రావాలి. పోతున్నవాణ్ని చూసి మిగతావాళ్లు ఒకరి వెంట ఒకరు దూకడం వల్లే ఒక ప్రాణంతో పోయేది ఆరు ప్రాణాలవుతుంది. ఖాళీ నీళ్ల డబ్బా, లారీ ట్యూబు, తాడు, ఏది దొరికితే అది విసరండి. 112కు ఫోన్ చేయండి. మీరు మాత్రం దూకకండి.

‘ఏ బీచ్ సురక్షితం?’ అని సెలవులకు ముందు అందరూ అడుగుతారు. ఒక బీచ్ మొత్తానికి, ఏడాది పొడవునా వర్తించే జవాబు ఉండదు. విశాఖ ఆర్కే బీచ్‌నే చూడండి. మన తూర్పు తీరంలో ఇసుక మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటుంది. పోర్టు రాతి గోడలు దాన్ని అడ్డుకుంటాయి. అందుకే పోర్టు దగ్గర తవ్వితీసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చేసిన కోత సంగతి విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. అడుగున నేల ఇలా మారిపోతున్నప్పుడు ‘పోయినేడాది ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు’ అన్న మాటకు విలువేముంది? నది కలిసేచోట పరిస్థితి మరీ అన్యాయం. హంసలదీవిలో కృష్ణ, అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలుస్తాయి. పుణ్యం మాట ఎలా ఉన్నా, నది వేగం, ఆటుపోట్లు కలిసి అక్కడ ఇసుక మేటలు చూస్తుండగానే కరిగిపోతాయి. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు నిలువు లోతులో పడుతుంది.

కాలి కింద ఇసుక కూడా కొంత చెబుతుంది. ఇసుక ముతకగా ఉండి, తీరం ఏటవాలుగా దిగితే అల ఒడ్డు మీదే కుప్పకూలుతుంది. మెడ విరిగే ప్రమాదం అక్కడే. సన్నని ఇసుకతో చదునుగా ఉన్న తీరంలో కెరటం దూరానే విరిగి, బలం తగ్గి వస్తుంది. సూర్యలంక కుటుంబాలకు అంతగా నచ్చేది అందుకే. అయినా అక్కడా ప్రాణాలు పోతున్నాయి, ఎందుకంటే చదును తీరానికీ దిబ్బలుంటాయి, దిబ్బలకు గండ్లుంటాయి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. పూడిమడక విషాదం జరిగింది నైరుతి రుతుపవనాల్లో. ఆ నాలుగు నెలలు గోవాలో తీరమంతా ఎర్రజెండాలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపానుల కాలం. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానం ఆ కాలంలోనే, అదీ పున్నమి పోటు రోజునే వస్తుంది. పోనీ ఎండాకాలం సెలవులు మేలా అంటే, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో రేగిన తుపాను ఉప్పెన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఏప్రిల్, మే నెలల్లో మన దేశపు తీరాలను తాకుతుంటాయి. గాలి ఉండదు, మబ్బు ఉండదు, సముద్రం హఠాత్తుగా పొంగుతుంది. కేరళ జాలరులు దీన్ని ‘కల్లక్కడల్’ అంటారు, దొంగ సముద్రం అని. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులను పొట్టనబెట్టుకున్నది అదే. ఆ ఉప్పెన గురించి ముందే హెచ్చరించింది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. దేశమంతటికీ అలల ఎత్తు, ఉప్పెనల సూచనలు అక్కడి నుంచే వెళ్తాయి. సమాచారం మన ఊళ్లోనే తయారవుతోంది, రాత్రంతా కారు నడిపి తెల్లారేసరికి చీరాల చేరే హైదరాబాదీ ఫోన్‌కు మాత్రం అది చేరడం లేదు. హోటల్ రేటింగు చూసినవాడు అలల సూచన ఎందుకు చూడడు? చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు కనుక.

పూరీ వెళ్లినవాళ్లు ఒక దృశ్యం చూసే ఉంటారు. తెల్ల రంగు వేసి, నంబరు రాసిన కోసు టోపీలు పెట్టుకుని ఒడ్డున నిలబడే మనుషులు. నులియాలంటారు వాళ్లను. తరతరాల క్రితం ఆంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మన జాలరి కుటుంబాలవాళ్లే. పూరీ పెంటకోట బస్తీలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. యాత్రికుల చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్లి, మునక వేయించి, మళ్లీ ఒడ్డున దింపడం వాళ్ల వృత్తి. ఏ గండి ఇవాళ ఎక్కడుందో వాళ్లకు పొద్దున్నే తెలుస్తుంది. పొరుగు రాష్ట్రపు పుణ్యక్షేత్రానికి ప్రాణరక్షగా నిలిచిన ఈ విద్యకు సొంత తీరంలో ఏ పాటి గౌరవం ఉంది? పండగలప్పుడు గజ ఈతగాళ్లను రోజుకూలికి పిలుస్తాం. మర్నాడు మరిచిపోతాం. పల్లె పల్లెకూ మత్స్యకార యువకులున్నారు. వాళ్లకు ప్రథమ చికిత్సలో, ఛాతీ నొక్కి ఊపిరి నిలబెట్టడంలో తర్ఫీదిచ్చి నెల జీతానికి పెట్టుకుంటే అయ్యే ఖర్చు, ‘ఐ లవ్’ అక్షరాల సెల్ఫీ పాయింట్లకు, రంగు దీపాలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే భరించలేనిదేమీ కాదు. గోవా ప్రభుత్వం 2008 నుంచీ ఈ పని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి నడిపిస్తోంది. పర్యాటకమే జీవనాధారమైన రాష్ట్రానికి ఆ లెక్క అప్పుడే అర్థమైంది.

ఆస్ట్రేలియాలో ఇంకో మెట్టు పైకెక్కారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆండ్రూ షార్ట్ అనే ఆచార్యుడు ఆ దేశంలోని పదివేలకు పైగా బీచ్‌లను పరిశీలించి, ప్రతిదానికీ ఒకటి నుంచి పది దాకా ప్రమాద స్థాయి లెక్కగట్టే పని నడిపించారు. దానికి తోడు జెండాల పద్ధతి. సగం ఎరుపు, సగం పసుపు రంగున్న రెండు జెండాలు పాతితే, ఆ రెండింటి నడుమ మాత్రమే ఈత. పరిస్థితి మారితే జెండాలు కూడా జరుగుతాయి. ఒట్టి ఎరుపు ఉంటే దిగకూడదు. ఇంత ఏర్పాటున్న దేశంలోనూ నీట మునిగి చనిపోతున్న వలసవాసుల్లో భారత్‌లో పుట్టినవాళ్లు ముందు వరుసలో ఉన్నారు. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో నలుగురు భారతీయులు చనిపోయిన తీరంలో లైఫ్‌గార్డుల కాపలా లేదు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో పిల్లలున్న మన తల్లిదండ్రులు వీడియో కాల్‌లో అన్నం తిన్నావా అని అడిగేటప్పుడు ఈ జెండాల మాట కూడా అడగడం మంచిది.

మనకూ ఒక జెండా ఉంది. 2020లో రుషికొండకు నీలి జెండా గుర్తింపు వచ్చింది. 33 ప్రమాణాలు చూసి డెన్మార్క్ సంస్థ ఇచ్చే గుర్తింపు అది. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాలతో తాత్కాలికంగా పోయి, మళ్లీ వచ్చింది. లైఫ్‌గార్డులు ఉండాలన్నది ఆ షరతుల్లో ఒకటి కనుక, ఈత కొట్టాలనుకునే కుటుంబానికి విశాఖలో నేను చెప్పే మొదటి పేరు రుషికొండే. కానీ ఆ గుర్తింపు నీటి శుభ్రత, పరిసరాలు, సౌకర్యాలు అన్నీ కలిపి ఇచ్చేది. కొద్ది వందల మీటర్ల ముక్కకే ఇచ్చేది. అక్కడి నుంచి ఓ కిలోమీటరు నడిచి ఏకాంతం బాగుందని నీళ్లలోకి దిగితే ఆ జెండా మిమ్మల్ని కాపాడదు.

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. కొత్త పద్ధతిలో మళ్లీ కొలిచి 1,053 అని తేల్చారు. అంత సూక్ష్మంగా కొలవగలిగిన ప్రభుత్వాలకు, జనం ఎక్కువగా వచ్చే ఇరవై ముప్పై చోట్ల ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో రెండేసి జెండాలు పాతి చూపడం అసాధ్యమేమీ కాదు. ఆంధ్రా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు విశాఖ తీరంలో రిప్ కరెంట్ల మీద పరిశోధనలు చేశారు. సూచనలివ్వడానికి ఇన్‌కాయిస్ ఉంది. కాపలాకు జాలరి పల్లెలున్నాయి. ఈ మూడింటినీ ఒకచోట కూర్చే బాధ్యత పర్యాటక శాఖది. ప్రమాదం జరిగినప్పుడల్లా తీరం మూసేయడం ఆ బాధ్యత నుంచి తప్పుకోవడమే. మూసేస్తే జనం రావడం మానరు, కాపలా లేని పక్క ఊరి తీరానికి పోతారు.

ఈ ఏర్పాట్లు వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. రాత్రంతా నిద్ర లేకుండా ప్రయాణించి, దిగీ దిగగానే నీళ్లలోకి పరుగెత్తకండి. మందు తాగినవాణ్ని ఎంత బతిమాలినా దిగనివ్వకండి. పిల్లలు చేతికందే దూరంలో ఉండాలి, మన కళ్లు ఫోన్ మీద ఉండకూడదు. ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దాయన్ను ‘ఏం బాబాయ్, ఇవాళ ఇక్కడ దిగొచ్చా?’ అని అడగండి. ఆయన తల అడ్డంగా ఊపితే వాదించకండి. గది బుక్ చేసేముందు రిసార్టువాళ్లకు ఫోన్ చేసి, మీ ముందున్న తీరంలో లైఫ్‌గార్డు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటాడని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడండి, ఈత మాత్రం రిసార్టు కొలనులో కొట్టండి.