నేరం మంచుకొండది కాదు

టైటానిక్ మాటెత్తితే వేళ్లన్నీ మంచుకొండ వైపే తిరుగుతాయి. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున దాదాపు 1,500 మంది ప్రాణాలు పోయాయి. అసలు ముద్దాయిలు సముద్రంలో లేరు, లండన్, లివర్‌పూల్ ఆఫీసుల్లో ఉన్నారు.

ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికి. విడ్డూరమేమిటంటే, చట్టం అడిగినదాని కంటే అదే ఎక్కువ! ఓడ సైజును బట్టి పడవల లెక్క చెప్పే 1894 నాటి నిబంధనల పట్టిక 10,000 టన్నుల దగ్గర ఆగిపోయింది. ఓడలు 46,000 టన్నులకు పెరిగినా బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. డిజైనర్ అలెగ్జాండర్ కార్లైల్ ఒక్కో జత డేవిట్లకు (పడవలను నీళ్లలోకి దించే చేతులకు) ఒకటికి మించి పడవలు తగిలించేలా ప్లాను గీయించాడు. బోర్డు అడిగితే పెడదామని. బోర్డు అడగలేదు.

ఓడ ఒళ్లు ఎలా ఉండాలో తెలియకా కాదు. 1858లో నీళ్లలోకి దిగిన, ఇంజనీరు బ్రునెల్ ఓడ గ్రేట్ ఈస్టర్న్‌కు అడుగుతో పాటు పక్కలకూ రెండు పొరలు. 1862లో న్యూయార్క్ సమీపంలో రాయి తగిలి బయటి పొర 83 అడుగుల పొడవున, 9 అడుగుల వెడల్పున చీలింది. లోపలి పొర ఆదుకుంది, ఓడ రేవు చేరింది. టైటానిక్‌కు రెండో పొర అడుగున మాత్రమే. దానికి పడిన కంతలన్నీ కలిపినా సుమారు 12 చదరపు అడుగులని లెక్క, అంటే ఇంటి గుమ్మమంత కూడా కాదు. అడ్డుగోడలు పైదాకా లేవు గనుక ఒక గది నిండి నీళ్లు పక్క గదిలోకి పొర్లాయి. గ్రేట్ ఈస్టర్న్ మిగిల్చిన నష్టాలను గుర్తుపెట్టుకున్న కంపెనీలు దాని నిర్మాణాన్ని మరిచాయి.

ఇక విచారణ. దొంగ చేతికే తాళాలు: జరిపించింది బోర్డ్ ఆఫ్ ట్రేడే. విచారణాధికారి లార్డ్ మెర్సీ ముందు సాక్ష్యం చెప్పిన ప్రయాణికులు ముగ్గురు, డఫ్ గోర్డన్ దంపతులు, టైటానిక్ యజమాని కంపెనీ అధిపతి ఇస్మే. మూడో తరగతిలో నూటికి పాతికమందే బతికారు, మొదటి తరగతిలో 62 మంది. ఆ మూడో తరగతి నుంచి ఒక్కరినీ పిలవకుండానే వివక్ష లేదని తేల్చేశారు. ఓడ విరిగిందని కళ్లారా చూసినవాళ్లు చెప్పినా నమ్మలేదు. 1985లో శిథిలాలు దొరికితే, రెండు ముక్కలే. కెప్టెన్ స్మిత్ వేగం పొరపాటే తప్ప నిర్లక్ష్యం కాదట. బోర్డుకు మందలింపు. గట్టిగా అక్షింతలు పడింది మాత్రం సాయానికి రాని కాలిఫోర్నియన్ అనే ఓడ కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌కు.

1912 అక్టోబరులోనే టైటానిక్ జంట ఓడ ఒలింపిక్‌ను బెల్‌ఫాస్ట్‌కు తెచ్చారు. పక్కలకు లోపలి పొర వేశారు, అడ్డుగోడలు ఎత్తారు, అందరికీ చాలినన్ని పడవలు అమర్చారు. అదే కంపెనీ, అదే హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డు. పట్టింది ఆరు నెలలు. ఆ డబ్బు, ఆ తీరిక ముందే దొరకనందుకు ఒక్కరి మీదా క్రిమినల్ కేసు నడవలేదు.