డెస్క్‌టాప్‌కు కరెంటు పొదుపెందుకు?
కడప, కర్నూలు ఇళ్లల్లో నెట్ నత్తనడక నడిస్తే ముందు తిట్లు తినేది కేబులాయనే. లైనక్స్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేసేముందు టెర్మినల్ తెరిచి తమ ఇంటి రౌటర్‌కే పింగ్ కొట్టాలి. 2, 3 మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు ఉన్నట్టుండి 200కు ఎగబాకుతోందా, జబ్బు ఇంట్లోనే ఉంది. చాలాసార్లు దోషి వైఫై పవర్ సేవింగ్. చిప్ కునుకు తీస్తుంది, ప్యాకెట్లేమో రౌటర్ దగ్గర పడిగాపులు కాస్తాయి. బ్యాటరీయే లేని డెస్క్‌టాప్‌కు ఈ పిసినారితనం ఎవరికోసమో! ఉబుంటులోనైతే నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫిగ్ ఫైల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే 2 చేసి, సర్వీసు రీస్టార్ట్ చేయాలి. అప్పటికీ కుదరకపోతే గోడల్ని అనుమానించాలి. మన పాతిళ్ల మందపాటి రాతిగోడలు దాటడం 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌కు కష్టం. 2.4కు మారొచ్చు గానీ, నన్నడిగితే తలుపు వారగా ల్యాన్ వైరు లాగడమే మేలు.