కొత్తరెడ్డిపాలెమున హీబ్రూ పాఠములు

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున తెలుఁగు మాటలాడు యూదు కుటుంబములు గలవు. తాము ఎఫ్రాయిము సంతతివారమని వారి విశ్వాసము. ‘బెనె ఎఫ్రాయిము’ అని చెప్పుకొందురు. వీరు మాదిగ కులమువారు, పెక్కుమంది పొలము కూలీలు. 1990వ దశకపుఁ దొలినాళ్లలో వెలసిన చిన్న ప్రార్థనాలయమే వారికి బడియు నైనది. అందుఁ బిల్లలును బెద్దలును హీబ్రూ నేర్చిరి. అక్షరము లిరువదిరెండే, మన యేఁబదియాఱింటి ముందు అల్పమే. కాని కుడినుండి యెడమకు వ్రాయవలెను! అఆలు దిద్దిన చేతికి అదెంత వింతయో!

శుక్రవారము ప్రొద్దు గ్రుంకక మునుపే యిల్లాలు దీపములు వెలిగింపవలెను. శనివారము చీఁకటి పడువఱకు పని కూడదు. కూలి నమ్ముకొన్న యింట నది యొకనాఁటి గ్రాసము. ఆ దినపు వెల యెంతయో మన బోధను చెఱకుచేలలోఁ గోఁతకుఁ బోయిన తల్లుల నడుగుఁడు.