అలుగుపై ముద్రలు

బ్రిటిషు సైన్యపు 1907 నమూనా బాయొనెట్టును చేతికెత్తుకొన్నవాడు ముందుగా పదును చూచును. కాని దాని చరిత్రయు, తన్మూలమున దాని మూల్యమును, పిడికి చేరువనున్న అలుగు మొదట ముద్రితములై యున్నవి. ఒకవైపున కిరీటము, రాజనామాక్షరములు, నమూనా సంవత్సరము, తయారైన నెలయు సంవత్సరమును, విల్కిన్‌సన్ వంటి కర్మాగారము పేరును. రెండవవైపున ప్రభుత్వ స్వామ్యమును దెలుపు బాణపుగుర్తు, అలుగును వంచి పరీక్షించిరనుటకు సాక్ష్యమగు ‘ఎక్స్’. ఆ 1907నే తయారీ సంవత్సరముగా భ్రమించి అధికధనము వెచ్చించువారిని తలచినపుడు మనసు నొచ్చును. పిడి అడ్డుకమ్మికుండి 1913లో మానివేయబడిన కొక్కెము చెక్కుచెదరక మిగిలినచో వెల మిక్కిలి హెచ్చును. ఏలయన పాతవానిలో పెక్కింటికి దానిని కోసివేసిరి. మన ఈశాపూరు కర్మాగారపు వానిపై ‘ఆర్.ఎఫ్.ఐ.’ అక్షరములుండును. ఈ సంచికలోని ఛాయాచిత్రములతో తమ వస్తువులను పోల్చి చూడుడనియు, తళుకునకై రుద్ది ముద్రలను చెరుపవలదనియు పాఠకులను ప్రార్థించుచున్నాము.