కుటుంబ ఆరోగ్యం: ఖుర్బానీ రోజుల్లో వంటిల్లు

బక్రీద్ నాడు పథ్యం గురించి ఉపన్యసించడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. జుల్ హిజ్జా పదవ తేదీనాడు ఉపవాసం నిషిద్ధం. తరువాతి మూడు తష్రీక్ దినాలు తినడానికీ, త్రాగడానికీ, దైవస్మరణకూ ఉద్దేశించినవని దైవప్రవక్త (స) తెలియజేశారు. అయితే తినడానికి అనుమతించిన దివ్యఖుర్ఆనే (అల్ ఆరాఫ్: 31) మితిమీరడాన్ని వారించింది.

మొదట ఉదయం సంగతి. ఈదుల్ అజ్‌హా నమాజుకు ముందు ఏమీ తినకుండా ఉండి, వీలైతే ఖుర్బానీ మాంసంతోనే ఆహారం ప్రారంభించడం అభిలషణీయం. కాని అది ఫర్జ్ కాదు. మన ఇళ్ళలో జంతువు వంతు వచ్చి, మాంసం కోసి, కలేజీ వేయించేసరికి పదకొండు దాటడం మామూలే. మధుమేహానికి మాత్రలు లేదా ఇన్సులిన్ తీసుకునే అబ్బాజాన్, దాదీమా అంతవరకు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు దాని లక్షణాలు. మందు వేళలను గూర్చి ముందే వైద్యుని అడిగి, వారికి సమయానికి అల్పాహారం పెట్టాలి. పెద్దలు మొహమాటంతో వద్దంటారు. ఇంటి కోడలు గట్టిగా చెప్పవలసిన సందర్భమిది.

కలేజీలో ఇనుము సమృద్ధిగా ఉంటుంది. కాని విటమిన్ ఎ కూడా అత్యధికం గనుక గర్భిణులు దానికి దూరంగా ఉండటమే క్షేమం. భేజాలో కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళనొప్పులతో బాధపడేవారికి కలేజీ, గుర్దాలు తగవు. పాయాను చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే పైన గడ్డకట్టే కొవ్వును తీసివేయవచ్చు, రుచి ఏమీ తగ్గదు. పండుగ మూడవ రోజుకు పిల్లలు మలబద్ధకంతో ఏడ్వడానికి కారణం మాంసం కాదు, దానితోపాటు కూరగాయలు మరచిపోవడం. సొరకాయ, శనగపప్పు వేసే దాల్చా, గోంగూర మాంసం మన పెద్దలు ఎంతో తెలివిగా కూర్చిన వంటలు. పండుగనాడు వాటిని చిన్నచూపు చూసి కేవలం బిర్యానీ, కబాబులతో సరిపెట్టడం ఎందుకో అర్థం కాదు.

ఇటీవలి సంవత్సరాలలో బక్రీద్ మే, జూన్ నెలల్లోనే వస్తున్నది. ఆ వేడిలో మాంసాన్ని బేసిన్లలో కుప్పగా సాయంత్రం వరకు వదలివేస్తే సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. గంట, రెండు గంటలలోపే పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా, పలుచగా పరచి ఫ్రీజర్‌లో పెట్టాలి. పెద్ద మూటలు లోపలివరకు గడ్డకట్టడానికి చాలా సమయం పడుతుంది. వండేముందు రాత్రి ఫ్రిజ్ క్రింది అరకు మార్చాలి. గట్టు మీద కరిగించిన పచ్చిమాంసాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టరాదు.

మాంసం దాచుకోవడం తప్పు కాదు. ఒక సంవత్సరం ప్రజలు ఇబ్బందుల్లో ఉన్నందువల్ల మూడు రోజులకు మించి నిల్వ చేయవద్దన్న ప్రవక్త (స), తరువాత అనుమతించారు. కాని ఆ నిషేధానికి కారణమైన ఇబ్బంది మన వీధిలో ఇంకా ఉన్నదేమో చూసుకోవాలి. ఎముకలు బీదలకు, మెత్తని కండ మనకు అన్న పంపకం తగదు. పైగా అందుకునే ఇంట ఫ్రిజ్ ఉండకపోవచ్చు. కనుక వారి వాటాను మన వంట ముగిసేదాకా ఆపకుండా, కోసిన వెంటనే, అందరికంటే ముందుగా పంపాలి.