దూరపు కొండల వెల

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత పుట్టిన రోజులలో యాత్రకు ధనం కంటె ప్రాణమే ముఖ్యమైన పెట్టుబడి. నేడు ప్రాణభయం తగ్గింది, ధనవ్యయం పెరిగింది. వేసవి సెలవులు సమీపించగానే మధ్యతరగతి గృహాలలో ఒక చర్చ ఆరంభమవుతుంది. ఫలానా కొండప్రాంతం చాలా ఖరీదట, అంత సొమ్ము వెచ్చించి చూడదగినది అక్కడ ఏమున్నది అని. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి భూటాన్ దేశాన్ని ఉదాహరణగా స్వీకరించడం ఉచితమనుకుంటాను. కొండల నడుమ గడిపే కాలానికి, రాత్రికింత అని, దాపరికం లేకుండా వెల కట్టిన దేశం అది.

1974లో జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగిన సంవత్సరమే భూటాన్ విదేశీ యాత్రికులకు ప్రవేశం కల్పించింది. వచ్చేవారు కొద్దిమందే కావాలి, వారివల్ల దేశానికి కలిగే ప్రయోజనం మాత్రం అధికంగా ఉండాలి అన్నది ఆ దేశం అనుసరించిన విధానం. కరోనా కారణంగా మూసిన సరిహద్దులను 2022 సెప్టెంబరులో తిరిగి తెరిచినప్పుడు, విదేశీయులు రాత్రికి చెల్లించవలసిన సుస్థిరాభివృద్ధి రుసుమును 65 డాలర్ల నుండి 200 డాలర్లకు పెంచారు. మరుసటి సంవత్సరం దానిని 100 డాలర్లకు తగ్గించారు. భారతీయులకు చిరకాలం ఈ రుసుము లేదు. 2020 నాటి చట్టంతో మనకు కూడా రాత్రికి 1,200 రూపాయలు విధించారు. ఇది గది అద్దెలో గాని భోజన వ్యయంలో గాని చేరినది కాదు; ఆ దేశంలో ఒక రాత్రి ఉన్నందుకు చెల్లించే సుంకం. దంపతులిద్దరు ఆరు రాత్రులు గడిపితే 14,400 రూపాయలు. బస, భోజనం, కారు, మార్గదర్శి, ఇక్కడి నుండి ఉత్తర బెంగాల్ సరిహద్దు వరకు ప్రయాణం, ఇవన్నీ అదనం.

ఈ లెక్క విన్నవారిలో పెక్కుమంది, మన సిక్కింలోనో డార్జిలింగ్‌లోనో మంచుకొండలు లేవా, వాటిని చూడడానికి రాత్రికింత అని ఎవరు అడుగుతున్నారు అంటారు. ఆ మాటలో న్యాయమున్నది. మంచు శిఖరాన్ని కన్నులారా చూడడమే మీ కోరిక అయితే భూటాన్‌కు పోనవసరం లేదు. ఎనిమిదిన్నర వేల మీటర్లకు పైబడిన కాంచనగంగ డార్జిలింగ్ నుండే కనబడుతుంది. అంతకంటె ఉన్నత శిఖరమేదీ భూటాన్‌లో లేదు. మన పొరుగునే ఉన్నదానిని విడిచి, ఖరీదైనది గనుక గొప్పదై ఉంటుందని పరుగెత్తేవారిని ఉద్దేశించే కాబోలు, దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు.

అయితే భూటాన్ మన వద్ద తీసుకునే సొమ్ముకు బదులుగా ఇస్తున్నది శిఖరం కాదు, చెడకుండా మిగిలిన కొండ. 2008 నాటి ఆ దేశ రాజ్యాంగం భూభాగంలో కనీసం 60 శాతం అడవి శాశ్వతంగా ఉండి తీరాలని శాసించింది. పారో లోయలో, నిలువుగా లేచిన కొండచరియ మీద, తక్‌త్సాంగ్ అనే బౌద్ధాశ్రమం ఉన్నది. 1692లో నిర్మితమైనది. 1998లో అగ్నికి ఆహుతి కాగా మళ్ళీ కట్టి 2005 నాటికి పూర్తి చేశారు. సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ ఆశ్రమానికి రోడ్డు వేయలేదు, తీగమార్గం నిర్మించలేదు. సగం దూరం గుర్రం మీద పోవచ్చు గాని, కడపటి మెట్లు రాజైనా రైతైనా నడిచి ఎక్కవలసిందే. లోపలికి కెమెరాలను, ఫోన్లను అనుమతించరు. ఛాయాచిత్రం కోసమే ప్రయాణం చేసేవారికి ఆ 1,200 రూపాయలు కచ్చితంగా దండుగ.

దీనికి భిన్నమైన దృశ్యాన్ని మన హిమాలయాలలోనే చూశాం. 2018 వేసవిలో సిమ్లా నగరంలో తీవ్రమైన నీటి ఎద్దడి ఏర్పడింది. జనం బిందెలతో వీధులలో బారులు తీరారు. దయచేసి మా ఊరికి ఇప్పుడు రావద్దని అక్కడివారే యాత్రికులను వేడుకున్నారు. ఆ ఎద్దడికి హేతువులు అనేకం. వర్షాభావమూ ఉన్నది, కారుతున్న పాతగొట్టాలూ ఉన్నవి. కాని పరిమితి లేకుండా కొండ మీదికి పోటెత్తిన జనం కూడా ఆ హేతువులలో ఒకటి. ప్రవేశం ఉచితమైనచోట వెల లేకుండా పోదు. దానిని అక్కడ కాపురముండే గృహిణి ఖాళీబిందె రూపంలో చెల్లిస్తుంది.

ఇంత చెప్పినా ఒక ఆక్షేపణ మిగిలే ఉన్నది. దానిని తేలికగా కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. రుసుము పెట్టి జనాన్ని తగ్గించడమంటే పేదలను తగ్గించడమే గదా! ధనికుడు రెండు వందల డాలర్లు చూసి వెనుదీయడు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న చిన్న ఉద్యోగి వెనుదీస్తాడు. ప్రకృతిని రక్షించే నెపంతో దానిని సంపన్నుల ఉద్యానవనంగా మార్చడం ధర్మమా? పైగా ఆ దేశప్రజలకు కూడా ఈ విధానం నొప్పి కలిగించింది. 2019లో మూడు లక్షలకు పైగా యాత్రికులు వచ్చిన ఆ దేశానికి 2023లో వచ్చినవారు సుమారు ఒక లక్ష మాత్రమే. హోటళ్లవారు, మార్గదర్శులు కష్టాలపాలయ్యారు. రుసుమును సగానికి తగ్గించడం వెనుక ఉన్నది ఆ వాస్తవమే. చీటీ పద్ధతిన రోజుకింతమందినే అనుమతించి, అందరి వద్దా స్వల్పరుసుము తీసుకోవడం ఇంతకంటె న్యాయమని నా అభిప్రాయం. ఏ దేశం తన కొండను ఎలా కాపాడుకోవాలో నిర్ణయించే హక్కు దానిదే అయినా, ఈ మాట అనక తప్పదు.

రాత్రికింత అనే పద్ధతిలో మరొక లోపమున్నది. అది యాత్రికుణ్ణి తొందరపెడుతుంది. ఒక రాత్రి తగ్గితే ఇంత మిగులుతుందన్న లెక్కతో నాలుగు రోజులలో నాలుగు ఊళ్లు చుట్టివచ్చేవారు అనేకులు. మన ప్రబంధవాఙ్మయంలో ఇటువంటి తొందర యాత్రికుడు ఒకడున్నాడు. పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు కనబడిన తీర్థవాసినల్లా దూరదేశాల విశేషాలు అడిగి తెలుసుకునేవాడు. చివరకు ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో, దమ్మిడీ ఖర్చు లేకుండా, క్షణంలో హిమాలయాన్ని చేరాడు. సాయంకాలానికి ఇల్లు చేరాలన్నది అతని సంకల్పం. మంచు కరిగింది, దానితో లేపమూ కరిగింది, తిరుగుదారి లేక చిక్కుబడ్డాడు. వరూధిని కథ అక్కడ మొదలవుతుంది గనుక పాఠకులకు అది మేలే అయింది గాని, ప్రవరుడికి ఆ పూట పడిన ఆందోళన తక్కువది కాదు. ఖర్చులేని ప్రయాణాన్ని కూడా ఒక్కపూటలో ముగించబోతే కొండ అంగీకరించదని సరసంగా అన్వయించుకోవచ్చు.

కాబట్టి వెళ్ళదలచినవారు మొదట తమను తాము ప్రశ్నించుకోవాలి. అప్పు చేయవలసి వస్తే ఆలోచన మానుకోవడం మంచిది. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్లే ఉంటుంది. తిరిగివచ్చిన తరువాత కొండ గుర్తుండదు, వాయిదాలు గుర్తుంటాయి. సొమ్ము ఉండి, సమయం లేకపోయినా వెళ్ళవద్దు. ఊళ్ల సంఖ్య తగ్గించి, పారోలోనో, రెండు నదులు కలిసేచోట పదిహేడవ శతాబ్దపు కోట నిలిచిన పునాఖాలోనో మూడు రాత్రులు స్థిరంగా ఉండగలిగితే మాత్రం పెట్టిన వెలకు ఫలం దక్కుతుందని నా నిశ్చయం. కారు అద్దె తగ్గుతుంది, చూపు నిలుస్తుంది.

ఆ దేశంలో గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ అనే శిఖరమున్నది. ఎత్తు 7,570 మీటర్లు. పర్వతారోహణను భూటాన్ 2003లో పూర్తిగా నిషేధించింది. దేవతలు నివసించే శిఖరాలపై మనుషులు అడుగుపెట్టరాదని అక్కడి ప్రజల నమ్మకం. పక్కనున్న నేపాల్ వసంతకాలంలో ఎవరెస్టు ఎక్కదలచిన విదేశీయుడి వద్ద 2025 సెప్టెంబరు నుండి 15,000 డాలర్లు వసూలు చేస్తున్నది. గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్‌కు అటువంటి ధర లేదు. ఎంత ఇచ్చినా ఎక్కనివ్వరు. అంతటికీ వెల కట్టిన దేశం ఒక్కదానిని అమ్మకానికి పెట్టలేదు. నన్ను అన్నిటికంటె ఆకర్షించినది ఇదే.

తింఫూ నుండి పునాఖాకు పోయే దారిలో, నూట ఎనిమిది స్తూపాలున్న దోచులా కనుమ నుండి ఆ మంచుశిఖరాల పంక్తిని చూడవచ్చు. కార్తీక మార్గశిర మాసాలలో, తెల్లవారిన వెంటనే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు పోవాలి. శ్రావణ భాద్రపదాలలో వెళ్ళినవారు చాలాసార్లు మేఘాలను మాత్రమే చూసి దిగివస్తారు. ఆ రాత్రికి కూడా సుంకం అదే పన్నెండు వందలు.